పోర్చ్ లైటు వెలుగుతుంటేనే గంట నొక్కాలి: హాలోవీన్ సాయంత్రం ఎవరూ చెప్పని మర్యాదలు

అక్టోబర్ 31 హాలోవీన్, పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి క్యాండీ (మిఠాయిలు) పుచ్చుకునే పండుగ. ఆ సాయంత్రం అమెరికా సబర్బుల్లో, అంటే నగర శివారు కాలనీల్లో, ఇంటి ముందు బల్బే మాట్లాడుతుంది. పోర్చ్ లైటు వెలుగుతుంటే "రండి, క్యాండీ ఉంది" అని. ఆర్పేసి ఉంటే "ఈసారికి మమ్మల్ని వదిలేయండి" అని. ఇది ఏ బోర్డు మీదా రాసి ఉండదు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) పంపే ఈమెయిళ్లలోనూ చాలాసార్లు కనబడదు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు మూడేళ్ల వయసులో అమ్మ చెయ్యి పట్టుకుని తిరిగినప్పుడే నేర్చేసుకుంటారు. అందుకే ఇది ఒకరికి చెప్పాల్సిన సంగతని కూడా వాళ్లకు తోచదు. నిరుడే ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో, కేరీలోనో ఇల్లు తీసుకున్న తెలుగు కుటుంబానికి మాత్రం ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ఆ రాత్రి ఇరుగుపొరుగు మధ్య వచ్చే చిరాకులు చాలావరకు పిసినారితనం వల్లో, పిల్లల అల్లరి వల్లో రావు. ఒకింటివాళ్లు చేసిన సైగ ఇంకొకరికి అందకపోవడం వల్ల వస్తాయి.

పిల్లలు ఇంటింటికీ తిరగడం మనకు కొత్తేమీ కాదు. దసరా రోజుల్లో అయ్యవారు బడిపిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్లు రంగు కాగితాలంటించిన విల్లంబులు పట్టుకుని పాడుతుంటే, గుమ్మం గుమ్మానికీ వెళ్లి మామూలు అందుకునేవారు. పిల్లలకు పప్పుబెల్లాలు పెట్టేవారు. అయితే అక్కడ వచ్చేదెవరో, ఇచ్చేదెవరో ఊరందరికీ తెలుసు. ఇక్కడ ముక్కూమొహం తెలియని పిల్లలు, అదీ మొహాలకు రంగు పూసుకుని వస్తారు. కాబట్టి ఇంటివాళ్లకు నోరు విప్పకుండా, కారణం చెప్పకుండా "వద్దు" అనే వీలుండాలి. గుమ్మం దాకా వచ్చిన పిల్లలు కూడా పెట్టింది పుచ్చుకుని, బేరమాడకుండా వెళ్లాలి. మిగతా మర్యాదలన్నీ ఈ రెండింటిలోంచి పుట్టినవే.

బెదిరింపుగా మొదలైన మాట

గుమ్మంలో పిల్లలు అనే "ట్రిక్-ఆర్-ట్రీట్" మాట ప్రకారం బెదిరింపే. ఏదైనా పెడతావా, లేక నీ మీద ఏదో ఒక చిలిపి పని చెయ్యమంటావా అని. స్కాట్లండ్, ఐర్లండ్‌లలో పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ వెళ్లి, ఓ పాటో పద్యమో వినిపించి పండో గింజలో పుచ్చుకునేవారు. నవంబర్ 1 క్రైస్తవంలో సకల పరిశుద్ధుల దినం, దాని ముందు రాత్రి ఇది. అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు పెట్టేవారు. 19వ శతాబ్దంలో అమెరికాకు వలస వచ్చినవాళ్లకు అంతకన్నా పెద్దది, తొలవడానికి సులువైనది గుమ్మడికాయ దొరికింది.

"ట్రిక్-ఆర్-ట్రీట్" అనే మాట 1917 నాటికే కెనడా పత్రికల్లో కనిపిస్తుంది. 1920లు, 30ల్లో అమెరికా పట్టణాల్లో ఈ రాత్రి కుర్రాళ్ల ఆగడాలు శ్రుతిమించాయి. గేట్లు ఊడబెరకడం, కిటికీ అద్దాలు పగలగొట్టడం, టైర్లలో గాలి తీసెయ్యడం. దాంతో ఊళ్లవాళ్లు ఒక రాజీకి వచ్చారు: మేం తీపి పెడతాం, మీరు మా జోలికి రాకండి. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెరకు రేషన్ వచ్చి ఈ వేడుక దాదాపు ఆగిపోయింది. 1947లో రేషన్ ఎత్తేశాక, కొత్తగా వెలుస్తున్న సబర్బుల్లో ఇప్పటి రూపానికి వచ్చింది. (వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూసినవాళ్లు నీలాపనింద తప్పడానికి పక్కింటి కప్పు మీద రాయి వేసి తిట్లు తినేవారు కదా. ఏడాదికోసారి ఇరుగుపొరుగును విసిగించే హక్కు మనకూ కొత్త కాదు.)

ఇప్పుడు "ట్రిక్" వట్టి మాటే. పిల్లలు ఏ చిలిపి పనీ చెయ్యరు, మీరు "ఏదీ, ఏం ట్రిక్ చేస్తావో చెయ్యి" అని అడగకూడదు. అడిగితే పిల్లలు బిక్కమొహం వేస్తారు. దీనికి సెయింట్ లూయిస్, అయోవాలోని డెమోయిన్ మినహాయింపు. అక్కడ పిల్లలు జోకు చెప్పి క్యాండీ తీసుకోవడం ఆనవాయితీ. స్కాట్లండ్ పిల్లల పాటను గుర్తుచేసే అలవాటు అది. పాత ఆగడాల తోక కూడా ఒకటి మిగిలింది. న్యూజెర్సీలో అక్టోబర్ 30 రాత్రిని మిస్చిఫ్ నైట్ అంటారు. టాయిలెట్ పేపరు చుట్టలు చెట్ల మీదకు విసురుతారు, గుడ్లు కొడతారు. ఆ రాత్రి కారు గ్యారేజీలో పెట్టుకుని, గుమ్మడికాయల్ని లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది.

లైటు చెప్పే అబద్ధాలు

సైగ తేలికైనదే. కానీ ఈ కాలం ఇళ్లు దాన్ని చెడగొడుతున్నాయి. పొద్దు గుంకగానే వాటంతటవే వెలిగే స్మార్ట్ బల్బులు, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైట్లు, రాత్రంతా వెలగాలని హెచ్‌ఓఏ పట్టుబట్టే గ్యారేజీ దీపాలు. మీరు ఆఫీసు నుంచి రానే లేదు, ఇంటి ముందు మాత్రం దీపావళిలా వెలిగిపోతుంటుంది. పిల్లలు వచ్చి గంట నొక్కుతారు, నిలబడతారు, ఉసూరుమంటూ వెనక్కి పోతారు. పక్కింటివాళ్లకు అది మీ మొండితనంగా కనిపిస్తుంది.

కాబట్టి ఆ రోజు మధ్యాహ్నమే ఫోన్లో షెడ్యూలు ఆపెయ్యండి. ఆపే వీలు లేకపోతే డ్రైవ్‌వే మొదట్లో పెద్ద అక్షరాలతో "ఈసారి క్యాండీ లేదు, హ్యాపీ హాలోవీన్" అని ఇంగ్లిషులో కాగితం పెట్టండి. తలుపుకు అంటిస్తే లాభం లేదు. పిల్లలు అంతదూరం నడిచి వచ్చాక చదువుతారు. డోర్‌బెల్ కెమెరాలోంచి "ఎవరూ లేరు, వెళ్లండి" అని గొంతు వినిపించడం ఆరేళ్ల పిల్లకు వేలాడే అస్థిపంజరం కన్నా భయం పుట్టిస్తుంది.

క్యాండీ ఇవ్వాలనుకునేవాళ్లు దీనికి తలకిందులుగా పొరబడతారు. ఇంట్లో టీవీ వెలుగు, వంటగదిలో వెలుగు ఉంటుంది, పోర్చ్‌లో మాత్రం చీకటి. గిన్నె నిండా చాక్లెట్లు పెట్టుకుని ఎనిమిదింటి దాకా కూర్చున్నా ఒక్కరూ రారు. లోపలి లైట్లు లెక్కలోకి రావు. గుమ్మడి దీపమో, డ్రైవ్‌వే పొడవునా చిన్న లైట్లో ఉంటే ఆహ్వానం ఇంకా బలంగా అందుతుంది. క్యాండీ అయిపోగానే లైటుతో పాటు గుమ్మడికాయలో దీపం కూడా ఆర్పెయ్యాలి. ఒకటి ఆర్పి ఒకటి ఉంచితే వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు.

ఇష్టం లేనివాళ్లు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో హాలోవీన్‌ను ససేమిరా అనేవాళ్లున్నారు. వాళ్ల చర్చిల్లో అదే సాయంత్రం హార్వెస్ట్ ఫెస్టివల్ పేరుతోనో, పార్కింగ్ లాటులో కార్ల డిక్కీలు తెరిచి క్యాండీ పంచే ట్రంక్-ఆర్-ట్రీట్ పేరుతోనో పిల్లలకు వేరే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతోందనో, ఒంట్లో బాగాలేదనో లైటు ఆర్పుకునేవాళ్లూ ఉంటారు. "మీ ఇంట్లో లైటు లేదేం?" అని మర్నాడు అడగకపోవడం కూడా మర్యాదే.

2024లో అక్టోబర్ 31నే దీపావళి వచ్చింది. లక్ష్మీపూజకు గుమ్మంలో ప్రమిదలు పెట్టి తలుపు తీసి ఉంచిన ఇంటిని వీధిలో పిల్లలు ఎలా చదువుకుంటారు? ఇంతకన్నా గట్టి ఆహ్వానం ఉండదు. పూజ మధ్యలో రెండేసి నిమిషాలకోసారి గంట మోగడం ఖాయం. ఈ రెండు పండుగలు దగ్గరపడిన ఏటల్లా పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. డ్రైవ్‌వే చివర చిన్న బల్ల వేసి, అక్కడే ఒక దీపం, క్యాండీ పెట్టి, ఇంట్లోవాళ్లు వంతులవారీగా కూర్చోవడం. ప్రమిదలు నేల మీద, నడిచే దారిలో పెట్టొద్దు. జీరాడే వేషాలు, కేప్‌లు వేసుకున్న పిల్లలు వంగి కూడా చూడరు. ముగ్గులో, మెట్ల మీద బ్యాటరీ దీపాలే మేలు.

ఎప్పుడు, ఎంతసేపు

అమెరికాలో చాలాచోట్ల వేళ అనేది ఊరివాళ్ల అలవాటు. ఒహాయో, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో మాత్రం చాలా ఊళ్లు తేదీనీ గంటల్నీ ప్రకటిస్తాయి. ఆ తేదీ 31 కాకపోవచ్చు కూడా. డెమోయిన్‌లో దశాబ్దాల పాటు 30వ తేదీనే జరిగింది. 2012లో శాండీ తుపాను తర్వాత న్యూజెర్సీ గవర్నరు క్రిస్ క్రిస్టీ ఏకంగా ఉత్తర్వు ఇచ్చి నవంబర్ 5కు వాయిదా వేశారు. ఊరి వెబ్‌సైటు ఒకసారి చూసుకోవడం రెండు నిమిషాల పని.

ప్రకటన ఏమీ లేనిచోట లెక్క ఇలా ఉంటుంది. స్ట్రోలర్లలో బుజ్జాయిలు, చెయ్యి పట్టుకుని నడిచేవాళ్లు ఐదున్నర నుంచి వస్తారు. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా రద్దీ. ఎనిమిది దాటాక పెద్ద పిల్లలు. ఎనిమిదిన్నరకు మెల్లగా సద్దుమణిగి, తొమ్మిదికి ఆగిపోవాలి. ఐదు లోపల వెళ్లడం తొందరపాటు, ఇంటివాళ్లు అప్పుడే పనినుంచి వస్తుంటారు. చీకటి పడే వేళ ఊరిని బట్టి మారుతుంది. ఆ రోజు డల్లాస్‌లో ఆరున్నర దాటాక పొద్దు గుంకుతుంది, న్యూజెర్సీలో ఆరింటికి కాస్త ముందే. 2007 నుంచి డేలైట్ సేవింగ్ (గడియారాల్ని గంట ముందుకు జరిపే ఏర్పాటు) నవంబర్ మొదటి ఆదివారం దాకా సాగుతోంది కాబట్టి పిల్లలకు ఒక గంట వెలుగు కలిసొచ్చింది.

గుమ్మం దగ్గర

పెద్దవాళ్లు సైడ్‌వాక్ మీదే ఆగి, పిల్లల్ని గుమ్మం దాకా పంపాలి. మరీ చిన్నపిల్లలైతే వెంట వెళ్లొచ్చు. గడ్డి తొక్కుకుంటూ అడ్డదారిన పోకూడదు. డ్రైవ్‌వే మీదుగా వెళ్లి, ఆ దారినే రావాలి. పచ్చిక పాడవుతుందని మాత్రమే కాదు, చీకట్లో స్ప్రింక్లర్ తలలు, అలంకరణల కరెంటు తీగలు కాళ్లకు చుట్టుకుంటాయి. గుమ్మంలో ఇంకో గుంపు ఉంటే వాళ్లు దిగేదాకా ఆగాలి. గంట ఒక్కసారే నొక్కాలి. పదిహేను ఇరవై సెకన్లు చూసి ఎవరూ రాకపోతే పక్కింటికి వెళ్లిపోవాలి. తలుపు తెరిచాక "ట్రిక్-ఆర్-ట్రీట్", చేతికి అందాక "థాంక్యూ". తీసుకోమంటే ఒక్కటే తీసుకోవాలి. "నాకు ఇది వద్దు, అది కావాలి" అనకూడదు. జంతువులనుంచి తీసే జెలటిన్ అందులో ఉందని తెలిసినా గుమ్మంలో చెప్పొద్దు. తీసుకుని ఇంటికెళ్లాక విడదీసుకోవచ్చు.

ఇచ్చేవాళ్లు వయసు అడగొద్దు, వేషం లేదని నిలదీయొద్దు. మాట్లాడని పిల్లల చేత "ముందు ట్రిక్-ఆర్-ట్రీట్ అను" అని బలవంతంగా అనిపించొద్దు. కొందరికి మాట రాకపోవచ్చు, కొందరికి ఇంగ్లిషు రాకపోవచ్చు. "నువ్వెవరు? ఏం వేషం?" అని అడగడం కన్నా "భలే ఉందే వేషం" అనడం క్షేమం. గంటసేపు కష్టపడి కట్టిన వేషాన్ని మీరు పోల్చుకోలేదని తెలిస్తే వాళ్ల మొహం వాడిపోతుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే ముందే అన్నీ చెప్పి ఉంచాలి. తలుపు తీయగానే అస్థిపంజరం నిలబడి ఉంటుందని, "హ్యాపీ హాలోవీన్" అంటే చాలని. పెద్దవాళ్లకు సహజంగా తోచేవి రెండు: పిల్లల్ని లోపలికి రమ్మనడం, చేతిలో ఏదైనా పెట్టడం. ఈ రాత్రికి ఆ రెండూ వద్దు. తెలియని పిల్లల్ని గుమ్మం దాటించకూడదన్నది అక్కడ గట్టి కట్టుబాటు, సైడ్‌వాక్ మీద నిలబడ్డ తల్లిదండ్రులు కంగారు పడతారు. నేతి సున్నుండ ఎంత ప్రేమగా పెట్టినా అది ఇంటికి చేరాక చెత్తబుట్టలోకే పోతుంది. అందులో చిన్నచూపేమీ లేదు, కంపెనీ సీలు లేనిదేదీ తిననివ్వరు, అంతే. సున్నుండలు మర్నాడు పక్కింటివాళ్లకు డబ్బాలో పెట్టి, అందులో ఏమేం వేశారో చెప్పి ఇవ్వండి, సంతోషంగా తింటారు.

గిన్నె బయట పెట్టి వెళ్లొచ్చా

మీరే పిల్లల్ని తీసుకుని తిరగాలంటే ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడు అందరూ చేసే పని "దయచేసి ఒకటి తీసుకోండి" అని రాసి గిన్నె బయట పెట్టడం. అది చాలాసార్లు పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఎందుకో శాస్త్రజ్ఞులు గిన్నెలు పెట్టే చూశారు. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్, ఆయన సహచరులు వెలువరించిన అధ్యయనంలో సియాటిల్‌లోని 27 ఇళ్లలో 1,300 మందికి పైగా పిల్లల్ని చాటునుంచి గమనించారు. ఒక్కొక్కటే తీసుకోమని చెప్పి ఇంటావిడ లోపలికి వెళ్లిపోతుంది. ఒంటరిగా వచ్చి, పేరు చెప్పిన పిల్లల్లో మాట తప్పినవాళ్లు 7.5 శాతం. గుంపుగా వచ్చి, పేరు అడగని పిల్లల్లో 57.2 శాతం. గిన్నె వెనక అద్దం పెట్టి చూసిన మరో అధ్యయనం 1979లో వచ్చింది. తమ మొహం తమకు కనిపించిన పిల్లలు తక్కువ తీసుకున్నారు.

పిల్లలు చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. వేషం, చీకటి, గుంపు మూడూ కలిస్తే "నేను" అన్నది పలచబడుతుంది. కాబట్టి గిన్నెను కాదు, అమరికను మార్చండి. రెండేసి క్యాండీలు చిన్న కాగితం సంచుల్లో వేసి బల్ల మీద వరసగా పేర్చండి. గిన్నెలో చెయ్యి పెడితే గుప్పిడు వస్తుంది, వరసలోంచి మాత్రం ఒక సంచీయే చేతికొస్తుంది. లైటు కాంతి బల్ల మీద పడాలి. తెచ్చిందంతా ఒకేసారి పెట్టొద్దు, ముప్పావు గంటకోసారి తిరిగొచ్చి మూడో వంతు చొప్పున నింపండి. అద్దం పెట్టినా తప్పులేదు, అలంకరణలో భాగంగానే కలిసిపోతుంది. ఖాళీ అయ్యాక కెమెరా వీడియో తీసి ఫలానా పిల్లాడని కమ్యూనిటీ గ్రూపులో పెట్టడం మాత్రం మూడు డాలర్ల క్యాండీకి పదేళ్ల పిల్లాడి పరువు తీయడమే.

ఎంత కొనాలి, ఏది కొనాలి

ఇంతకన్నా మంచి లెక్క లేదు: పక్కింటివాళ్లను "నిరుడు ఎంతమంది వచ్చారు?" అని అడగండి. ఒకే ఊళ్లో ఒక వీధికి 20 మంది, రెండు మలుపుల అవతల 200 మంది వస్తారు. స్కూలుకు దగ్గర, సైడ్‌వాక్‌లున్న, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న వీధులకే జనం. చీకటి కల్-డె-శాక్ (అవతలికి దారి లేని సందు) చివరి ఇంటికి ఎవరూ నడవరు. ఏమీ తెలియకపోతే కొత్త సబ్‌డివిజన్‌లో వందమందికి సిద్ధపడండి. తలా రెండు చొప్పున 200 ముక్కలు, మీద ఇంకో 50. ఆ అదనపు ప్యాకెట్టు విప్పకుండా రసీదుతో ఉంచితే తిరిగి ఇచ్చెయ్యొచ్చు, లేదా మీరు తినేదే కొనుక్కోండి. అపార్ట్‌మెంట్లలో పదిమంది రావడం కూడా ఎక్కువే. కొన్నిచోట్ల లీజింగ్ ఆఫీసువాళ్లు క్యాండీ ఇచ్చే ఇళ్ల పట్టిక చేస్తారు లేదా తలుపుకు అంటించుకునే కాగితం ఇస్తారు.

మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. మొదట వచ్చిన ఇరవై మందికి ముద్దొచ్చి గుప్పిళ్లతో ఇస్తారు, ఏడుంబావుకు అసలు రద్దీ వచ్చేసరికి ఖాళీ. మొదట ఒకటో రెండో ఇవ్వండి. ఏడున్నరకు సగం మిగిలితే అప్పుడు చెయ్యి పెంచండి. గిన్నెకన్నా వెడల్పు పళ్లెం మేలు, పిల్లలకు ఏమున్నాయో కనిపిస్తాయి, వెతుకులాట ఉండదు. టెక్సాస్‌లో అక్టోబర్ ఎండకు కారు డిక్కీలో చాక్లెట్ కరిగి ముద్దవుతుందని మరవకండి.

ఏది కొనాలన్నదానికి అలర్జీలే ముందు. వేరుశనగ లేనివి కొన్నైనా వేరే పళ్లెంలో పెట్టండి. మీ ఇంటి ముందు నీలం-ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు గుమ్మడికాయ పెడితే తిండి కాని బహుమతులు కూడా ఉన్నాయని అర్థం. ఫేర్ అనే అలర్జీ సంస్థ 2014 నుంచి దేశమంతా ప్రచారం చేస్తున్న గుర్తు ఇది. స్టిక్కర్లు, చీకట్లో మెరిసే కంకణాలు, పెన్సిళ్లు చాలు. అవి రెండో గిన్నెలో విడిగా ఉండాలి. చాక్లెట్లతో కలిపేస్తే గుర్తుకు అర్థమే లేదు. టీల్ గుమ్మడికాయ పెట్టి వట్టి చాక్లెట్లే ఇవ్వడం అసలు పెట్టకపోవడం కన్నా అన్యాయం.

శాకాహారులు పిల్లల సంచీ తిరగేసినప్పుడు చూడాల్సినవి వేరే. స్టార్‌బర్స్ట్, క్యాండీ కార్న్, మార్ష్‌మాలో, గమ్మీ బేర్లు ఇవన్నీ సాధారణంగా జెలటిన్‌తో చేసినవే, అంటే జంతువుల ఎముకలు, చర్మాలనుంచి వచ్చేది. అందరికీ తెలియని సంగతి ఇంకొకటి: స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కెటీర్స్ లోపలి మెత్తటి నూగట్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. స్కిటిల్స్‌లో ఇప్పుడు జెలటిన్ లేదు. చిన్న ప్యాకెట్టులో దినుసులు పెద్ద ప్యాకెట్టులో ఉన్నట్టే ఉంటాయన్న హామీ లేదు, తయారయ్యే ఫ్యాక్టరీ కూడా వేరు కావచ్చు. ముక్క మీద రాయకపోతే సంచి మీదో, కంపెనీ సైటులోనో చూడాలి. తినకూడనివి పారెయ్యక్కర్లేదు. మర్నాడు స్నేహితులతో మార్చుకోవడం పిల్లలకు తీసుకొచ్చిన క్యాండీ కన్నా పెద్ద సరదా. నాలుగేళ్ల లోపు పిల్లలకు గట్టి బిళ్లలు, గింజలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. కుక్కకు చాక్లెట్ విషం.

విషం గురించీ, కార్ల గురించీ

క్యాండీలో బ్లేడు, విషం అన్న భయం ప్రతి అక్టోబర్‌లోనూ వాట్సాప్‌లో తిరుగుతుంది. డెలవేర్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ తవ్వి చూశారు. ముక్కూమొహం తెలియని పిల్లలకు ఎవరో పంచిన క్యాండీ వల్ల ఏ బిడ్డైనా చనిపోయిందనో, తీవ్రంగా గాయపడిందనో రుజువైన కేసు ఆయనకు ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో సైనైడ్ కలిపిన క్యాండీ తిని ఒక బాలుడు చనిపోయిన మాట నిజం. కలిపింది బీమా డబ్బు కోసం కన్నతండ్రే. 1982లో షికాగో ప్రాంతంలో టైలినాల్ అనే నొప్పి మాత్రల్లో విషం కలిసి ఏడుగురు పోయాక భయం స్థిరపడింది. అయినా చిరిగిన, సీలు ఊడిన ప్యాకెట్లు పక్కన పెట్టడం, ఇంటికి వచ్చి పెద్దలు చూశాకే తిననివ్వడం మంచి అలవాటే. గంజాయి కలిపిన మిఠాయిలు కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమయ్యాయి, ప్యాకెట్టు తెలియనిదైతే పక్కన పెట్టాలి.

అసలు ప్రమాదం రోడ్డు మీద. 2018లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 1975 నుంచి 2016 దాకా 42 హాలోవీన్ సాయంత్రాల్ని, వాటికి వారం ముందూ వెనకా ఉన్న సాయంత్రాలతో పోల్చింది. పాదచారులు వాహనాల కింద పడి చనిపోయే అవకాశం 43 శాతం ఎక్కువగా తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో అయితే దాదాపు పది రెట్లు. అత్యధికంగా సాయంత్రం ఆరింటి ప్రాంతంలో.

అందుకే నడక క్రమం ఉండాలి. వీధికి ఒకవైపు ఇళ్లన్నీ ముగించి, చివర మూలమలుపు దగ్గర దాటి, రెండోవైపు తిరిగి రావాలి. ఇటొక ఇల్లు అటొక ఇల్లు అని జిగ్‌జాగ్‌గా దాటడమే పిల్లల ప్రాణం మీదకు తెస్తుంది. ఆగిన కార్ల మధ్యనుంచి దూసుకు రావడం అంతకన్నా చెడ్డది. మాస్కు కన్నా మొహానికి రంగు నయం, పక్కచూపు మూసుకోదు. వేషం అంచు చీలమండ పైనే ఉండాలి. నల్లటి వేషం వెనక మెరిసే టేపు అతికించండి, చేతికి టార్చి ఇవ్వండి. కారు నడిపేవాళ్లు ఆ సాయంత్రం కమ్యూనిటీలో గంటకు పది పదిహేను మైళ్లు దాటొద్దు. ప్రతి ఇంటి ముందూ కారు ఆపుకుంటూ పిల్లల్ని దింపి ఎక్కించుకోవడం మానేసి, ఒకచోట పార్కు చేసి నడిపించండి.

బయటి పిల్లలు, పెద్ద పిల్లలు

ప్రతి ఏడూ లేచే తగువు ఇది: "ఎక్కడెక్కడినుంచో కార్లలో వచ్చి మా వీధిలో తీసుకుపోతున్నారు." అపార్ట్‌మెంట్లలోనో, సైడ్‌వాక్ లేని రోడ్ల పక్కనో ఉండేవాళ్లు వెలుగున్న వీధికి పిల్లల్ని తీసుకురావడంలో తప్పేముంది? ఏ పిల్ల ఎక్కడిదో గుమ్మంలో తేల్చడం ఎవరి పనీ కాదు. ఖర్చు ఎక్కువవుతోందంటే తలకు ఒకటే ఇవ్వండి, అయిపోతే లైటు ఆర్పండి.

పదిహేనేళ్ల కుర్రాళ్లు వస్తే? కొన్ని ఊళ్లు చట్టాలే చేశాయి. వర్జీనియాలోని చెసపీక్‌లో 1970 నుంచి 12 ఏళ్లు దాటినవాళ్లు తిరిగితే జైలు శిక్ష దాకా వీలుండేది. 2019లో వయసును 14కు పెంచి, జైలు తీసేశారు. ఇంటివాళ్లకు దీనితో పనిలేదు. మర్యాదగా అడిగితే ఒకటి ఇచ్చి పంపండి. ఆ రాత్రి ఇంకెక్కడికో పోవాల్సిన వయసులో వీధిలో క్యాండీ కోసం తిరుగుతున్నారంటే తల్లిదండ్రులు సంతోషించాలి. ఆ వయసువాళ్లు పాటించాల్సింది ఏమిటంటే ఏదో ఒక వేషం వెయ్యడం, చిన్నపిల్లల్ని ముందుకు పోనివ్వడం, ఎనిమిదిన్నర తర్వాత గంటలు కొట్టకపోవడం.

అలంకరణల విషయంలో రెండే జాగ్రత్తలు. చెట్టుకు ఉరితాడుతో మనిషి బొమ్మను వేలాడదీయొద్దు. నల్లజాతివారిని చెట్లకు ఉరితీసిన చరిత్ర ఉన్న దేశంలో అది దయ్యం బొమ్మలా కనిపించదు. ఇంకొకరి జాతిని వేషంగా వేసుకోవడం, మొహానికి నలుపు పూసుకోవడం కూడా అంతే. కదలగానే అరిచే యంత్రాల్ని ఏడు దాకా ఆపి ఉంచండి, బుజ్జాయిలు వచ్చే వేళ అది.

అక్టోబర్ మధ్యలో మీ గుమ్మంలో పేరు లేని బుట్ట, అందులో క్యాండీ, "యూ హావ్ బీన్ బూడ్" (మిమ్మల్ని "బూ" అని భయపెట్టేశాం) అని కాగితం కనిపిస్తే కంగారు పడకండి, అది ఇరుగుపొరుగు ఆడుకునే ఆట. అందులో ఇచ్చిన గుర్తుబొమ్మను తలుపుకు అంటించి, రెండు రోజుల్లోపు ఆ బొమ్మ లేని రెండిళ్ల గుమ్మాల్లో మీరూ చడీచప్పుడు కాకుండా ఇలాంటి బుట్టలే పెట్టి రావాలి. గంట కొట్టి పరుగెత్తడం పిల్లల వంతు. పేరు చెప్పేస్తే ఆట చెడిపోతుంది.

నవంబర్ 1 పొద్దున మీ ఇంటి ముందు గడ్డిలో రేపర్లుంటాయి, ఏరెయ్యండి, పక్కింటి పచ్చికలో పడ్డవి కూడా. చెక్కిన గుమ్మడికాయ ఎండ ఊళ్లలో నాలుగైదు రోజులకే బూజుపట్టి కారుతుంది, పోర్చ్ రాయి మీద మరక దిగుతుంది. లోపలి మైనం, పైన అంటించిన మెరుపులు తీసేశాకే కంపోస్టులో వెయ్యాలి. రంగు పూసినదైతే చెత్తలోకే.